టైల్స్ రంగు తర్వాత చూద్దాం

పోయిన వారం ఎమ్మిగనూరు నుంచి మా చెల్లెలు వాట్సాప్‌లో పదకొండు ఫోటోలు పంపింది. అన్నీ బాత్‌రూం టైల్సే. లేత గులాబీ, సముద్రపు నీలం, చెక్కలాగా కనబడేవి, గోడ మధ్యలో పూలగుత్తి ఉన్నవి. "అక్కా, ఏది బాగుందో చెప్పు, రేపు షాపాయనకి చెప్పాల" అని కింద రాసింది. నేను ఏ ఫోటో గురించీ చెప్పలేదు. "టైల్స్ కింద ఏమేస్తున్నారు?" అని అడిగాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "సిమెంటే కదక్కా!"

రెండేళ్ళ కిందట నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

ఆదోనిలో మా ఇల్లు కట్టి పన్నెండేళ్ళు. కింద మేమూ అత్తమ్మా, పైన పిల్లల గది, దానికో బాత్‌రూం. ఆ బాత్‌రూం సరిగ్గా అత్తమ్మ మంచం నెత్తి మీదికొస్తుంది. కట్టిన మూడో ఏడే ఆమె గది పైకప్పులో అరచేయంత మచ్చ కనబడింది. పుట్టీ పెట్టి రంగేయించాం. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది, ఈసారి విస్తరాకంత. మళ్ళీ రంగు. అత్తమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు. మంచం మాత్రం కొంచెం కొంచెంగా కిటికీ వైపుకు జరుపుకుంటూ పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, గాలికోసమేమో అనుకున్నాను. పోయినేడు ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో కూర్చుని కొర్రలు చెరుగుతుంటే గదిలో దబ్బుమని చప్పుడయింది. పోయి చూస్తే తలగడ మీద రొట్టెల పెనమంత సిమెంటు పెచ్చు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మచ్చకు రంగు వేయించిన రెండుసార్లూ డబ్బు మిగిలిందని సంతోషపడింది నేనే.

మా ఆయన తేలిక మార్గం చెప్పారు. "పాత టైల్స్ మీదనే కొత్త టైల్స్ వేయిద్దాం, సందులు మూసుకుపోతాయి." పగలగొట్టే పని ఉండదు, ఇల్లంతా దుమ్ము కాదు. మొదట పిలిచిన మేస్త్రీ కూడా సరేనన్నాడు. "టైల్స్ ఏసినాక నీళ్ళు యాడికి పోతాయక్కా?" అన్నాడు. మనందరి నమ్మకమూ అదే. టైల్ నున్నగా మెరుస్తుంది కాబట్టి నీళ్ళను ఆపేస్తుందనుకుంటాం. మంచి విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు, నిజమే. కానీ టైల్‌కీ టైల్‌కీ మధ్య మనం పూసే తెల్ల సిమెంటు పీలుస్తుంది. రోజుకు నలుగురి స్నానాలు, ఆపైన బట్టలు. బొట్టు బొట్టుగా దిగుతూనే ఉంటుంది. అలా దిగిన నీటిని ఆపాల్సింది టైల్ కింద ఉండే పూత. మా ఇంట్లో అది లేనే లేదు.

పగలగొట్టాలని నేను పట్టుపట్టాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేడ మీది బాత్‌రూంకు స్లాబును కాస్త కిందికి దించి పోస్తారు, పైపులు పట్టడానికి. ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపుతారు. మేము పది రోజులుగా ఆ బాత్‌రూం వాడటం లేదు. అయినా ఆ ఇటుక ముక్కలు నానేసిన శనగల్లా తడితడిగా ఉన్నాయి. అత్తమ్మ నెత్తి మీద పన్నెండేళ్ళుగా ఒక కుంట పెట్టుకున్నామన్నమాట.

నాకు సిగ్గనిపించింది ఎందుకో చెప్తాను. మేము మట్టి మిద్దెల మనుషులం. మా పుట్టింట్లో మగ్గం ఉండేది. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం నూలుతోనే మా నాయన నేసేవాడు. గుంత మగ్గానికి నేల తేమ మంచిదే, పోగు తెగదు. పైనుంచి పడుగు మీద చుక్క పడితే మాత్రం వారం కష్టం పోయినట్టే. అందుకని ముంగారు వానలకు ముందే మా అవ్వ చౌడు తెప్పించి మిద్దె మీద పరిపించేది. తనే పైకెక్కి, వాటం దోనె వైపుకు ఉందో లేదో చెంబుడు నీళ్ళు పోసి చూసేది. మా అమ్మా అంతే. పైకప్పు పని మగవాళ్ళదని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. స్నానాలు పెరట్లో బండ మీద, ఆ నీళ్ళు చెట్లకు. కింద ఎవరి మంచమూ ఉండేది కాదు. స్లాబు ఇళ్ళు వచ్చాక స్నానాలను మేడ మీదికి ఎక్కించాం, చెంబుడు నీళ్ళు పోసి చూసుకునే అలవాటును మాత్రం మిద్దె మీదే వదిలేశాం.

రెండో మేస్త్రీ నిదానస్తుడు. పైపులు మార్చి, అవి స్లాబులోంచి దిగే రంధ్రాల చుట్టూ కుంచించుకుపోని సిమెంటు దట్టించాడు. గోడా నేలా కలిసే మూలలు గుండ్రంగా తిప్పి, అక్కడ వల గుడ్డ అతికించి, బ్రష్షుతో పూత వేశాడు. మొదటిది ఆరాక రెండోది అడ్డంగా. షవర్ ఉన్న గోడకు ఆరడుగుల ఎత్తు వరకు, మిగతా గోడలకు అడుగు. నీళ్ళు పోయే నహానీ ట్రాప్ లోపలి అంచు వరకు పూత మడతపెట్టాడు. (బి.ఏ. తెలుగు చదివాను, నహానీ ట్రాప్‌కు ఇప్పటికీ నాకు తెలుగు మాట దొరకలేదు.)

పూత బాగా ఆరాక అసలు పరీక్ష. ట్రాప్‌కు గుడ్డ బిగించి, గదిలో రెండంగుళాల ఎత్తు నీళ్ళు నింపి రెండు రోజులు కదలకుండా వదిలేయాలి. ఐదూ ఏడడుగుల గదికి పది బిందెల పైనే పట్టాయి. తుంగభద్ర కాలువ వైపు చూస్తూ బతికే ఊరు మాది. అత్తమ్మకు ప్రాణం ఉసూరుమంది. "ఏం పాపా, ఇన్ని నీళ్ళు నేలపాలు చేస్తాండావు?" అంది. మా ఆయన రెండు రోజుల పని ఆగిపోతుందని లెక్కలు చెప్పారు.

రెండో రోజు పొద్దున నేను స్టూలెక్కి అత్తమ్మ గది పైకప్పు తడిమి చూశాను. పైపు దిగే చోట వేళ్ళకు చెమ్మ తగిలింది.

మేస్త్రీ నీళ్ళు తోడించి, ఆ రంధ్రం చుట్టూ చెక్కి మళ్ళీ నింపి, మళ్ళీ పూత వేశాడు. అది ఆరాక మళ్ళీ పది బిందెలు. ఈసారి బిందెలు అందించింది అత్తమ్మే. రెండు రోజులు పొడిగానే ఉంది. అప్పుడే ఇటుక ముక్కలు తిరిగి వేశారు. వాటి మీద ట్రాప్ వైపుకు వాటం ఇచ్చి సిమెంటు పరిచి, దాని మీద కూడా ఇంకోసారి పూత వేశారు. టైల్స్ ఆ తర్వాత. సందులకు తెల్ల సిమెంటు కాకుండా ఎపాక్సీ పెట్టించాను. ఈ ఖర్చంతా ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నేను మనసుపడ్డ నీలం టైల్స్ వదులుకున్నాను. మా బాత్‌రూం ఇప్పుడు బూడిద రంగులో సాదాగా, ఆసుపత్రి గదిలా ఉంటుంది. చుట్టాలొచ్చినప్పుడు కొంచెం చిన్నతనంగా ఉంటుందన్న మాట దాచను.

మేస్త్రీలను మాత్రమే తిట్టడం నాకిష్టం లేదు. వాకిట్లో గ్రానైట్‌కు, ముందు గోడ డిజైన్లకు మనం బేరం లేకుండా ఇస్తాం. కనబడని పూత దగ్గరికొచ్చేసరికి "అది తప్పనిసరా?" అంటాం. కనబడని పనికి డబ్బివ్వని చోట కనబడని పని ఎవరు చేస్తారు? ఇంకో మాట. టైల్స్ షాపుకు మనల్ని రంగు ఎంచడానికి తీసుకుపోతారు, పని జరిగే చోటికి రానివ్వరు. "దుమ్ములో నీకెందుకు" అంటారు. ఆ నేల కడిగేది మనం, చెమ్మ గోడలు తుడిచేది మనం, పెచ్చు ఊడితే కింద పడుకున్న ముసలమ్మను చూసుకోవాల్సిందీ మనమే. రంగు వాళ్ళనే ఎంచుకోమనండి. నీళ్ళు నింపే రెండు రోజులు మాత్రం మనం అక్కడ ఉండాలి.

చెల్లెలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నీళ్ళు నింపి రెండు దినాలు ఆగమంటే మేస్త్రీ నవ్వుతాడక్కా" అంది.

"నవ్వనీలే. ఆదివారం పొద్దున బస్సుకొస్తా. మీ ఇంట్లో బిందెలెన్నుండాయి?" అని అడిగాను.