నల్లక్షరానికి నాలుగు ప్లేట్లెందుకప్పా?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ వద్దు, అప్లైడ్ ఆర్ట్స్‌లో చేరతానన్నప్పుడు ఇంట్లో జరిగిన యుద్ధం సంగతి ఇంకోసారి చెప్తాను. వాణ్ణి వెనకేసుకొచ్చింది నేనొక్కణ్ణే. కాబట్టి రేపు వాడికి ఉద్యోగం రాకపోతే మా అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందీ నేనే. ఈ విషయంలో నా స్వార్థం నాకుందని ముందే ఒప్పేసుకుంటున్నా.

మూడేళ్ళ చదువయ్యేసరికి ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ వాడికి కొట్టిన పిండి. కిందటి వేసవిలో మా పిన్ని కూతురి పెళ్ళి పత్రిక వాడికే అప్పజెప్పాం. మామూలుగా అయితే శివకాశి నుంచి వచ్చిన కార్డుల్లో ఒకటి ఎంచుకుని, దానిమీద పేర్లు కర్నూల్లో అచ్చేయించుకుంటారు. మావాడు ససేమిరా అన్నాడు. మొత్తం తనే చేస్తానన్నాడు. ముదురు మెరూన్ రంగు మీద సన్నటి తెల్లక్షరాలు, లోపలి పేజీలో నల్లక్షరాలు. ఫోన్లో చూసి అందరం ఆహా ఓహో అన్నాం.

అచ్చయి వచ్చాక చూస్తే పెళ్ళికూతురి పేరులో "క్ష్మి" ఉండాల్సిన చోట ఎర్రటి మచ్చ. ఒత్తుల మధ్య సందులన్నీ సిరాతో పూడిపోయాయి. లోపల నల్లక్షరాలకేమో పక్కనే రంగురంగుల నీడలు. ఐదొందల కార్డులు! అక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

తప్పంతా ప్రెస్సువాళ్ళదే అన్నాడు మావాడు. (మా సాఫ్టువేరోళ్ళం "నా మెషీన్లో బానే పనిచేస్తోందే" అంటాం చూడండి, అదే ధోరణి.) కొట్లాటకి నేనూ వెంట వెళ్ళా. పాతబస్తీలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్ళోకొచ్చినప్పుడు నీళ్ళెంత ఎత్తు నిలబడ్డాయో చెప్పే గీత గోడమీద ఇంకా ఉంది. అందుకే కాగితమంతా అటకమీదే పెడతారట. మెషీను నడిపే పెద్దాయన్ని అందరూ భాయ్ అంటారు. ఆయన మా అరుపులన్నీ విని, కార్డుని భూతద్దం కింద పెట్టి ఒక్కటే అడిగాడు: "నల్లక్షరానికి నాలుగు ప్లేట్లెందుకప్పా?"

సంగతేమిటంటే, ఆఫ్‌సెట్లో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, ఒక్కో సిరాకీ ఒక్కో ప్లేటు. స్క్రీను కోసం ఆర్జీబీలో చేసిన నలుపుని సీఎంవైకేకి మారిస్తే సాఫ్టువేరు దాన్ని మామూలుగా నాలుగు సిరాల కలగూరగంప చేసేస్తుంది. ఇక కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి నీడే. నలుపు ప్లేటు ఒక్కదానితో వేసుంటే ఆ గొడవే లేదు. మెరూన్ మీది తెల్లక్షరాలదీ అదే కథ, అన్ని ప్లేట్లూ సరిగ్గా ఒకేచోట ఖాళీ వదలాలి. దానికి తోడు మే నెల కర్నూలు ఎండ! పొడిగాలికి అంచుల్లో తేమ పోయి కాగితం ముడుచుకుంటుంది. అందుకే భాయ్ అచ్చు మొదలయ్యేదాకా రీము కట్టు విప్పడు.

భాయ్ తప్పేమీ లేదనను. ప్లేట్లు తియ్యకముందే ఆ ఫైలు చూసుండాల్సింది. అదే మాటంటే కాసేపు గొణిగి, "కాగితం డబ్బులివ్వు, కూలీ వద్దులే, ఈ పిల్లోణ్ణి నెల్రోజులు ఇక్కడికి పంపు" అన్నాడు.

ఆ నెల్లో వాడు నేర్చుకున్నదాంట్లో నాకు బాగా నచ్చింది ఫారం లెక్క. ఒక షీటు మడిస్తే పదహారు పేజీలు. షీటు మీద 1 పక్కన 16, 2 పక్కన 15... పక్కపక్క పేజీల అంకెలు ఎప్పుడు కూడినా 17. పాత పేపర్లు మడిచి మడిచి నాకు చూపించాడు. కట్టింగులో దొంతర కాస్త జరుగుతుంది కాబట్టి అంచుకి ఆనించి సన్న బోర్డరు పెట్టకూడదని తెలుసుకున్నాడు. ఇంగ్లీషుకి సరిపోయే వరసల ఎడం మన "రాష్ట్రం", "జ్యోత్స్న"లకి చాలదనీ, పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుందనీ కూడా. దేశికాచారి గారి పోతన, సిలికానాంధ్ర వాళ్ళ మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా భాయ్ దగ్గర డీటీపీ ఇంకా అనులోనే. మార్చేటప్పుడు ఏ ఒత్తు ఎగిరిపోయిందో మనిషే చూసుకోవాలి. మూడుసార్లు ప్రూఫు చూడందే భాయ్ ప్లేటుకి పంపనివ్వలేదట.

నెలాఖర్లో కడప వెళ్ళినప్పుడు వాణ్ణి బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్ళా. ఒకప్పుడైతే నాలుగు ఫోటోలు తీసుకుని బయటపడేవాడు. ఈసారి ఒక పాత పుస్తకం పట్టుకుని, కుట్టిన దారం ఎన్ని పేజీలకోసారి కనబడుతోందో లెక్కపెడుతూ కూర్చున్నాడు.

నన్నడిగితే, నెల్రోజులు ప్రెస్సులో పనిచెయ్యందే డిజైనులో డిగ్రీ చేతికివ్వకూడదు. వాడి క్లాసులో మార్కులన్నీ ప్రొజెక్టరు మీద చూసి వేసినవేనట! "ఇప్పుడంతా ఫోన్లేగా, అచ్చెవడిక్కావాలి" అంటాడు మా ఆఫీసులో ఒకాయన. పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టి వచ్చే కాగితం ఎప్పుడైనా విప్పి చూశారా? చీమతలకాయంత తెలుగు. ఒత్తులు పూడిపోతే ట్యాంకుకి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో పత్తి రైతు ఎట్లా చదవాలి?

చివరి ఏడాది ప్రాజెక్టుకి మావాడు పట్టుకున్నది ఆ కాగితాన్నే. ఒకటే రంగు, నలుపు, ఒకటే ప్లేటు. మొదటి ప్రూఫు మా అక్కకే ఇచ్చి, కళ్ళజోడు లేకుండా చదవమన్నాడు. గడగడా చదివేసింది. చదివి, కాగితం మడిచి వాడి చేతిలో పెట్టి, నావైపు తిరిగి అడిగింది: "బాగుందిలే గానీ, దీనికి జీతమెంతిస్తారంట్రా?"