‘రికార్డులు లేవు’ అని వస్తే మీ పేరు పోయినట్టేనా? పోర్టల్ సెర్చ్ వెనక అసలు జరిగేదేమిటి?

ఓటరు జాబితాలో పేరుందో లేదో చూద్దామని ఫోన్‌లో వెబ్‌సైట్ తెరుస్తాం. పేరు, తండ్రి పేరు, నియోజకవర్గం కొడతాం. కాసేపు చక్రం తిరిగి ‘రికార్డులు లేవు’ అని వస్తుంది. గుండె గుభేల్‌మంటుంది. నా పేరు తీసేశారా?

ఈ భయం ఊరికే రాలేదు. బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ తర్వాత 2025 ఆగస్టు 1న వచ్చిన ముసాయిదా ఓటరు జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను కారణాలతో సహా వెబ్‌సైట్లలో పెట్టాలని, ఓటరు గుర్తింపు కార్డు నంబరుతో చూసుకునే వీలు కల్పించాలని అదే నెల 14న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇందులో కార్డు నంబరు అన్న మాట ముఖ్యం. సర్వర్ లోపల నంబరుతో వెతకడం వేరు, పేరుతో వెతకడం వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ తప్పదు. రెండోది తప్పడానికి చాలా దారులున్నాయి. పింఛన్, రేషన్, భూమి రికార్డుల పోర్టళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది.

పేరు కొడితే సర్వర్ ఎక్కడ చూస్తుంది?

లావుపాటి పుస్తకంలో ఒక మాట ఎక్కడుందో తెలియాలంటే పేజీలన్నీ తిప్పం. చివర్లో ఉండే పదాల పట్టిక చూస్తాం. డేటాబేస్‌లోనూ అలాంటి పట్టిక ఉంటుంది. దాన్నే ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ అంటారు. కోట్ల వరుసల్లోని మాటలను విడగొట్టి, ఏ మాట ఏ వరుసలో ఉందో రాసిపెట్టుకోవడమే దాని పని.

మీరు పేరు కొట్టినప్పుడు సర్వర్ వెతికేది ఈ పట్టికలోనే. అసలు రికార్డులను ఒక్కొక్కటిగా చూడదు. పట్టిక పాతదైనా, సగమే తయారైనా, మాటలను తప్పుగా విడగొట్టినా మీ రికార్డు భద్రంగా ఉండగానే ‘లేదు’ అన్న జవాబు వస్తుంది.

రెండు సర్వర్లున్నా ఎందుకు ఆగుతుంది?

పెద్ద పోర్టళ్లను ఒకే యంత్రం మీద నడపరు. రెండు మూడు సర్వర్లను కలిపి క్లస్టర్‌గా పెడతారు. ఒకటి పడిపోతే ఇంకొకటి బాధ్యత తీసుకుంటుంది. దీన్ని ఫెయిలోవర్ అంటారు. పోర్టల్ మళ్లీ తెరుచుకుంటుంది, లాగిన్ అవుతుంది, నంబరు కొడితే వివరాలు వస్తాయి. అంతా బాగైందని అందరూ అనుకుంటారు. పేరుతో వెతికే భాగం మాత్రం లేవకపోవచ్చు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అందులో మాటలను విడగొట్టే పనిని డేటాబేస్ ఇంజిన్ నేరుగా చేయదు. ఫిల్టర్ డీమన్ అనే వేరే ప్రోగ్రామ్ చేస్తుంది. దాన్ని నడిపే సర్వీస్ రెండో సర్వర్‌లో ఆగి ఉంటే డేటాబేస్ బతికే ఉంటుంది, సెర్చ్ మాత్రం పనిచేయదు. పీడీఎఫ్‌ల వంటి ఫైళ్లను చదివే ఫిల్టర్‌ను మొదటి సర్వర్‌లో వేసి రెండోదాంట్లో మరిచిపోయినా చిక్కే. ఫెయిలోవర్ తర్వాత వచ్చిన కొత్త పత్రాలు పట్టికలోకి ఎక్కవు.

2005 వెర్షన్ వరకు ఈ పట్టిక డేటాబేస్ బయట, వేరే ఫైళ్లలో ఉండేది. 2008 వెర్షన్‌తో అది డేటాబేస్ లోపలికి వచ్చింది. దాంతో ఒక తలనొప్పి తగ్గింది. అయినా సర్వీసులు, ఫిల్టర్లు ప్రతి యంత్రంలోనూ సరిగ్గా ఉండాల్సిందే.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో తంటా ఇంకో రకం. అది పట్టికను ముక్కలు చేసి వేర్వేరు యంత్రాల్లో పెడుతుంది. ఒక ముక్క, దాని నకలు అందుబాటులో లేకపోతే మామూలు సెట్టింగ్‌లో అది ప్రశ్నను తిరస్కరించదు. మిగతా ముక్కల్లో దొరికినవాటినే పంపిస్తుంది. ఇన్ని ముక్కలు విఫలమయ్యాయని జవాబులోనే రాసి ఉంటుంది. పోర్టల్ రాసినవాళ్లు ఆ సంఖ్యను చూడకపోతే మనకు తెలిసే దారి లేదు. అంటే నలుగురిలో ముగ్గురికి పేరు కనపడుతుంది, నాలుగో మనిషికి కనపడదు. అధికారి తన పేరు కొట్టి చూసుకుంటాడు, వస్తుంది. ‘సిస్టమ్ బాగానే ఉందమ్మా, మీ పేరే లేదు’ అని చెప్పి పంపేస్తాడు.

మన పేర్లతో వచ్చే చిక్కులు

యంత్రాలన్నీ సవ్యంగా ఉన్నా పేరు దొరకని సందర్భాలున్నాయి. అవి మన పేర్లలోనే దాగి ఉంటాయి.

మొదటిది, పొడి అక్షరాలు. ఇంటిపేరును ఒక్క ఇంగ్లిష్ అక్షరంగా రాసుకోవడం మనకు అలవాటు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇంగ్లిష్ జాబితాలో ఒంటరి అక్షరాలన్నీ ‘వదిలేయాల్సిన మాటల’ కింద ఉంటాయి. వాటిని పట్టికలోకి ఎక్కించదు. ‘కె’, ‘రమేశ్’ రెండూ ఉండాలని అడిగితే, మామూలు సెట్టింగ్‌లో ఒక్క వరుస కూడా రాకపోవచ్చు. అక్షరం తీసేసి ‘రమేశ్’ అని కొడితే వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోని పాత తరహా మైఐసామ్ పట్టికల్లో ఇంకో నియమం ఉంది. సెట్టింగ్ మార్చకపోతే నాలుగు అక్షరాలకన్నా చిన్న మాటలను అది పట్టించుకోదు. ఇంగ్లిష్‌లో మూడక్షరాలతో రాసే ఉమ, రావు ఇద్దరూ దానికి కనపడరు.

రెండోది, కలిపి రాయడం. ‘శ్రీనివాసరావు’ అని ఒకే మాటగా నమోదైతే ‘రావు’ అని వెతికితే దొరకదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్ మాట మొదలును పట్టుకోగలదు కానీ చివరను పట్టుకోలేదు. లక్ష్మి, సత్యనారాయణ వంటి పేర్లకు ఇంగ్లిష్‌లో ఉన్న రకరకాల స్పెల్లింగ్‌ల సంగతి సరేసరి.

మూడోది, కంటికి కనపడని అక్షరం. ‘రాజ్‌కుమార్’లో ‘జ్’ కింద ‘క’ వత్తు పడకుండా ఉండటానికి కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడుతుంది. రికార్డులో అది ఉండి, మీరు కొట్టినదాంట్లో లేకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు కావచ్చు. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాలు కలిపీ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. అనూ వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితాలైతే చూడటానికే తెలుగు, లోపల ఉన్నవి వేరే సంకేతాలు. మార్చకుండా ఎక్కిస్తే ఎంత వెతికినా దొరకవు.

తెలుగు మాటలను విడగొట్టే ఏర్పాటు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. దాని భాషా సంఖ్య 1098. పట్టిక ఒక భాషతో తయారుచేసి వెతకడం ఇంకో భాషతో చేస్తే ఆ ఏర్పాటు ఉన్నా ప్రయోజనం తగ్గుతుంది.

సిబ్బంది ముందుగా ఏం చూడాలి?

ఫిర్యాదు రాగానే అదే రికార్డును నంబరుతో తీసి చూడాలి. వచ్చిందంటే డేటా ఉన్నట్టే, లోపం పట్టికలో ఉంది. తర్వాత పట్టికకు ఎక్కిన వరుసలెన్ని, అసలు వరుసలెన్ని అని పోల్చాలి. పట్టిక చివరిసారి ఎప్పుడు పూర్తయింది, ఇంకా ఎక్కాల్సిన మార్పులు ఎన్ని ఉన్నాయి అన్నవీ చూడాలి. మార్పులు వాటంతటవే ఎక్కేలా పెట్టారా, మనిషి నొక్కితేనే ఎక్కేలా పెట్టారా అన్నదీ అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత క్లస్టర్‌లోని ప్రతి సర్వర్‌లోనూ సర్వీస్ నడుస్తోందా, లాగ్‌లో ఏ వరుసలు విఫలమయ్యాయి అన్నది చూడాలి. ఒక పేరును సర్వర్ ఎలా విడగొడుతోందో చూపించే సాధనం కూడా ఉంది.

చాలామంది మాత్రం మొదటి అడుగులోనే ‘రీబిల్డ్’ నొక్కేస్తారు. అది పాత పట్టికను తీసేసి కొత్తది మొదటి నుంచీ రాస్తుంది. కోట్ల వరుసలున్న చోట దానికి చాలా సమయం పడుతుంది. అది పూర్తయ్యేదాకా వెతికినవాళ్లలో చాలామందికి ‘రికార్డులు లేవు’ అనే వస్తుంది. ఒకరి సమస్య తీర్చబోయి వేలమందికి తెచ్చిపెట్టినట్టు అవుతుంది. అది ఆఖరి మందు, అదీ రాత్రిపూట వేయాల్సింది.

ఇంతకన్నా ముఖ్యమైన మరమ్మతుకు పెద్ద ఖర్చు లేదు. సెర్చ్ విఫలమైతే ‘సెర్చ్ ప్రస్తుతం పనిచేయడం లేదు’ అని చెప్పాలి. వెతికినా దొరకకపోతే ‘ఈ పేరుతో దొరకలేదు, నంబరుతో ప్రయత్నించండి’ అనాలి. రెండు సందర్భాల్లోనూ ‘రికార్డులు లేవు’ అని చూపించడం పౌరుడికి అబద్ధం చెప్పడమే.

మీరేం చేయాలి?

ముందు నంబరుతో వెతకండి. ఓటుకైతే గుర్తింపు కార్డు నంబరు, మిగతా సేవలకు దరఖాస్తు లేదా కార్డు నంబరు. అది చేతిలో లేకపోతే పొడి అక్షరాలు తీసేసి పేరు మాత్రమే కొట్టండి. తర్వాత కలిపి, విడదీసి, స్పెల్లింగ్ మార్చి చూడండి. ఇంట్లో మరొకరి పేరుతో వెతికి అదే ఇంటి నంబరు దగ్గర చూడటం కూడా పనిచేస్తుంది.

అయినా దొరకకపోతే మీ పోలింగ్ కేంద్రం జాబితా పీడీఎఫ్ తెరిచి కళ్లతో చూడండి. బూత్ స్థాయి అధికారిని అడగండి, లేదా 1950కి ఫోన్ చేయండి. తెర మీద వచ్చిన సందేశాన్ని తేదీ, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

తొందరపడి ఫారం 6 మాత్రం నింపొద్దు. అది కొత్త ఓటర్ల కోసం. పేరు ఉండి సెర్చ్‌లో దొరకనివాళ్లు అది నింపితే రెండో నమోదు అవుతుంది. ఒక మనిషికి రెండు నమోదులు ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి. తప్పులు దిద్దుకోవడానికి, చిరునామా మార్చుకోవడానికి ఉన్నది ఫారం 8.

అదే చట్టం 22వ సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది. ఓటరు అక్కడ ఉండటం లేదనో, అర్హత లేదనో పేరు తీసేయాలంటే ముందుగా ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ పని చేయాల్సింది నమోదు అధికారి, అదీ కాగితం మీద. కౌంటర్ దగ్గర తెర చూపించి ‘మీ పేరు లేదు’ అని ఎవరైనా అంటే, ‘నంబరుతో కూడా చూశారా?’ అని అడగండి. నిజంగానే లేకపోతే ఎందుకు లేదో రాసి ఇమ్మనండి.