తాలు ఏరే చేతులు

ప్రోటీను తయారయ్యే తీరు చెప్పడానికి మా క్లాసులో వారాలు పడుతుంది. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, రైబోజోము, పరీక్షలో బొమ్మ కూడా వేయాలి. అదే ప్రోటీను చెడిపోతే కణం దాన్నేం చేస్తుందో మాత్రం రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ఇది తలకిందుల వరుస అని నా అభిప్రాయం. పల్నాటి రైతు బిడ్డలకు రెండోదే ముందు కావాలి.

ఎందుకో చెబుతాను. పత్తి సాళ్ళ మధ్య గడ్డికి మా నాన్న పారాక్వాట్ కొడతాడు. చేతులకు తొడుగులుండవు, ట్యాంకు కారి వీపు తడుస్తుంది. అడిగితే, "గడ్డికి కొట్టే మందు మనిషినేం జేసిద్దిరా?" అంటాడు. ఆ మందు ఆకులోని హరితరేణువుల్లో ఎలక్ట్రాన్లను దారి మళ్ళించి ఆక్సిజన్‌కు అంటగడుతుంది. అలా పుట్టిన సూపరాక్సైడుతో ఆకు మాడిపోతుంది. మనిషి ఒంట్లోకి పోతే ఊపిరితిత్తుల్లో పోగుపడి అక్కడా అదే పని. పుండుపడ్డ చర్మం గుండా కూడా దిగగలదు. విరుగుడు లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007లోనే దానికి అనుమతి రద్దయింది.

కణం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోదు. మిరప కళ్ళంలో తాలు ఏరే ఆడవాళ్ళను చూడండి. కాయకు చీటీ అంటించక్కర్లేదు, చూపు పడగానే తెలిసిపోతుంది. ఆక్సీకరణ దెబ్బ తిన్న ప్రోటీను కూడా అంతే. మడత విప్పుకుని, లోపల దాగవలసిన నీరు గిట్టని భాగాలను బయటపెడుతుంది. ప్రోటియాజోమ్ అనే పీపా (ఏడేసి ముక్కల వలయాలు నాలుగు) ఆ గుర్తు పట్టి లోపలికి లాక్కుని తుంచుతుంది. ఆ తునకలు అమైనో ఆమ్లాలై మళ్ళీ పనికొస్తాయి.

మామూలప్పుడు చాలా ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే చీటీ తగిలించాకే తుంచడం. ఆ సంగతి కనిపెట్టిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ ఇచ్చారు. చీటీ పద్ధతికి ఏటీపీ ఖర్చవుతుంది. (ఆ ఏటీపీని 1929లో వెలికితీసిన వారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. ఎంతమందికి తెలుసు?) ఆక్సీకరణ ముమ్మరమైతే ముందు దెబ్బతినేది ఈ పద్ధతే. అప్పుడు బరువంతా చీటీ అడగని పీపా మీద పడుతుంది.

దానికీ హద్దుంది. కొద్దిగా చెడినదాన్ని తేలిగ్గా తుంచుతుంది. మరీ చెడి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టిన ప్రోటీన్లు పీపా నోటికే అడ్డం పడతాయి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు కళ్ళం భాషలోనే చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే తాలెక్కువైతే ఏరేవాళ్ళు చాలరన్నమాట" అన్నాడు. మా లెక్చరరు అడిగితే నేనింత బాగా చెప్పలేను. మర్నాడు తొడుగుల కోసం టౌనుకు పోయాం. మందు ఎన్ని లీటర్లయినా ఉందట. తొడుగులు మాత్రం లేవన్నారు.