గోడలోని గొట్టము

ఎం.ఏ. చదువు దినములలో తార్నాకలో మేమున్న అద్దె ఇంట ఉదయము పంపు విప్పగానే తొలి చెంబు నీరు ఎర్రగా వచ్చెడిది. సరఫరా నీటినే నిందించెడివారము. అదే నీరు పొరుగింట తేటగా వచ్చుట చూచి, దోషము మా గోడలోని పాత ఇనుప గొట్టమునదని గ్రహించితిమి.

నీరు, గాలి కలిసిన చోట ఇనుము తుప్పుపట్టును. సరఫరా ఆగినప్పుడెల్ల గొట్టములో గాలి చేరును. జింకు పూత కొంతకాలము కాపాడును. అది అరిగినచో కాపుదల లేదు. ఇత్తడిని ఇనుమునకు నేరుగా బిగించినచో ఆ అతుకు వద్ద ఇనుము మరింత త్వరగా క్షీణించును.

ఆ ఇంటినుండి నడిచి పోవుచు ఉస్మానియా ఆర్ట్సు కళాశాలను చూచెడివారము. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనమును మెచ్చనివారు లేరు. ఏ భవనములోనైనా గోడలోని గొట్టమును తలచువారెవ్వరు? మనమూ వార్షికోత్సవమునకు గోడలకు రంగు వేయుదుము. నీటి తొట్టి అడుగు చూడము.

కమిటీ పెద్దలకు మా విన్నపము: ఈ యేడు రంగుల ఖర్చు కొంత తగ్గించి పాత గొట్టములు మార్పించవలెను. తొట్టి మడ్డి తీయించవలెను. జాలీ తుప్పు రజనును ఆపునే గాని తుప్పును ఆపదు. విద్యార్థులారా, సెలవుల అనంతరము తొలి నీటిని మొక్కలకు వదలుడు. ఎర్రనీరు కనబడిన నాడే ఆఫీసులో తెలుపుడు. మౌనము కూడ తుప్పు వంటిదే.