గుంత దగ్గరే అసలు ఆట!

సెలవుల్లో నంద్యాల వీధుల్లో గోలీలాడే పిల్లల్ని కాసేపు గమనించండి. గీత దగ్గర నిలబడి గోలీని గుంత వైపు దొర్లించేటప్పుడు గురి పెద్దగా తప్పదు. తప్పేదల్లా దూరమే! ఒకడి గోలీ జానెడు ముందే ఆగిపోతుంది. ఇంకొకడిది గుంత పక్కనుంచి జారుకుని కాలువ దాకా పోతుంది. 'అంత జోరెందుకురా' అని పక్కవాళ్లు అరుస్తారు. కోట్ల బహుమతులుండే గోల్ఫ్‌లోనూ చిక్కు సరిగ్గా ఇదే. ఎటు కొట్టామన్న దానికన్నా ఎంత కొట్టామన్నదే ముఖ్యం.

గోల్ఫ్‌లో గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను 'గ్రీన్' అంటారు. బంతి అక్కడికి చేరాక గాల్లోకి లేపరు. పటర్ అనే కర్రతో నేలమీదే దొర్లిస్తారు. ఆ దెబ్బే 'పట్'. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. దూరం నుంచి మూడొందల గజాలు కొట్టినా ఒక దెబ్బే, గుంత అంచు నుంచి మూడంగుళాలు తోసినా ఒక దెబ్బే.

ఒక్క దెబ్బ విలువెంతో సాహిత్ తీగలకు బాగా తెలుసు. కాలిఫోర్నియాలో పెరిగిన ఈ తెలుగు కుర్రాడు 2022 జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ చివరి గుంతకు ఒక దెబ్బ ఆధిక్యంతో వచ్చాడు. బంతి ఇసుకలో చిక్కుకుంది. ఆ ఒక్క గుంతకే రెండు దెబ్బలు ఎక్కువయ్యాయి. కప్పు చేజారింది. మొదటి పీజీఏ టూర్ టైటిల్ కోసం 2023 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. నాపాలో జరిగిన ఆ ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌లో నాలుగు రోజులు ఆడితే రెండోస్థానంలో ఉన్నవాడితో తేడా... రెండంటే రెండు దెబ్బలు!

లెక్క వేస్తే...

గుంత 30 అడుగుల దూరంలో ఉందనుకోండి. గురి ఒక డిగ్రీ తప్పితే బంతి గుంతకు అరడుగు పక్కన ఆగుతుంది. తర్వాత తేలిగ్గా తోసేయొచ్చు. అదే వేగం పదోవంతు పెరిగితే? బంతి 36 అడుగులు పోతుంది. పదోవంతు తగ్గితే 24 దగ్గరే నిలుస్తుంది. ఎందుకంటే దూరం వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. ఆరడుగుల రెండో పట్ పడుతుందన్న హామీ ఎవరికీ లేదు. ఎనిమిదడుగుల నుంచి ఆరితేరిన ఆటగాళ్లే దాదాపు సగంసార్లు తప్పుతారు.

బండా... మట్టా?

బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన ఇంట్లో గోలీ వదిలితే గోడ తగిలేదాకా ఆగదు. వాకిట్లో మట్టిమీద నాలుగడుగులు పోవడమే గొప్ప. గ్రీన్‌లూ అంతే, ఒక్కోటి ఒక్కో రకం. వాటి వేగం కొలవడానికి 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ ఒక సాధనం ఆలోచించాడు. వాలుగా పెట్టిన పట్టీమీద నుంచి బంతిని వదిలి అది ఎన్నడుగులు పోయిందో చూస్తారు. అదే స్టింప్‌మీటర్. మన దగ్గర అది లేకపోయినా ఫర్వాలేదు. ఆట మొదలయ్యేముందు పది నిమిషాలు గుంతను పట్టించుకోకుండా పొడవాటి పట్‌లు కొడితే ఆరోజు గ్రీన్ సంగతి చేతికి తెలిసిపోతుంది.

ఉలి చెప్పే పాఠం

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కాసేపు నిలబడితే ఇంకో సంగతి అర్థమవుతుంది. బండను చెక్కేటప్పుడు సుత్తి ఎత్తు నుంచి దిగుతుంది. విగ్రహానికి కళ్లు తీర్చేటప్పుడు అంగుళం కూడా లేవదు. లయ మాత్రం మారదు. పటింగ్‌కీ ఇదే సూత్రం. దూరం పెరిగేకొద్దీ కర్రను వెనక్కి తీసుకునే కొలత పెంచాలి తప్ప చివర్లో విసురు పెంచకూడదు. బంతి పటర్ మధ్యలోనే తగలాలి. అంచుకు తగిలితే జోరు పోతుంది.

సాధన ఇంట్లోనే చేయొచ్చు. బండలమీద మరీ జారుతుంది కాబట్టి జంపఖానా పరవండి. అయిదు, పది, పదిహేను అడుగుల దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టండి.

* ముందు బంతిని చేత్తోనే దొర్లించండి. ఎంత జోరు కావాలో ఒంటికి పడుతుంది.

* తర్వాత పటర్ పట్టండి. ఉత్తుత్తిగా ఊపేటప్పుడు చూపు బంతిమీద కాదు, గుర్తుమీద ఉండాలి.

* కొట్టాక తలెత్తకండి. తక్కువా, ఎక్కువా అని ముందు మనసులో అనుకుని అప్పుడు చూడండి. పదిసార్లలో ఎన్నిసార్లు నిజమైందో రాసుకోండి.

* దూరపు పట్‌లకు గుంత చుట్టూ మూడడుగుల వలయం ఊహించుకోండి. బంతి అందులో ఆగితే చాలు.

* ఎత్తుకు కొట్టేటప్పుడు గుంత ఇంకాస్త అవతల ఉందనుకోండి. పల్లానికైతే ఇవతల.

ఈ రోజుల్లో చాలా ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆఫీసువాళ్లు ఓ శనివారం గోల్ఫ్ కోర్సుకు రమ్మంటే 'నాకు రాదు' అని తప్పించుకునేవాళ్లే ఎక్కువ. బంతిని మూడొందల గజాలు కొట్టడం ఒక్కరోజులో రాదు, నిజమే. కానీ గ్రీన్ మీదికొచ్చాక అంతా సమానమే. అక్కడ కావాల్సింది కండబలం కాదు, కొలత. చిన్నప్పుడు గుంత దగ్గర గోలీ ఆపడం నేర్చిన చేతికి ఆ కొలత మరీ కొత్తేం కాదు!