సర్వర్ డౌన్ అనెడి సమాధానము

పరీక్షా ఫలితములు వెలువడు దినమునను, కౌన్సెలింగునకు వెబ్ ఆప్షన్లు నమోదు చేయవలసిన గడువు ముగియు రాత్రియందును, రైల్వే తత్కాల్ టికెట్ల విక్రయము తెరుచుకొను ఉదయము 10 గంటల వేళను, తెలుగునాట లక్షలాది కుటుంబములు ఫోను తెరపై తిరుగుచున్న చిన్న వలయమును చూచుచు కూర్చుండుటయు, ఆ వలయము తిరిగి తిరిగి చివరకు తెల్లని పుటగా మారుటయు, ఆన్‌లైన్ సేవాకేంద్రములోని యువకుడు ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అని చెప్పి తరువాతివారిని పిలుచుటయు మనకు ఎంత అలవాటైనవనగా, వీనికి కారణమేమని అడుగుటయే మానివేసితిమి. మరునాడు వెలువడు ప్రకటన సైతము మనకు కంఠస్థమే: ఒకేసారి అధికసంఖ్యాకులు ప్రవేశించుటవలన అంతరాయము కలిగినదనియు, సర్వర్ల సామర్థ్యమును పెంచుచున్నామనియు. ఆ ప్రకటనలో మొదటి సగము తరచుగా నిజమే. రెండవ సగము మాత్రము తరచుగా అసలు సమస్యను స్పృశింపనైనను లేదు.

నేను ఇచ్చట ప్రతిపాదించునది ఒక్కటే. ఇట్టి స్తంభనములలో పెక్కింట యంత్రము అలసిపోయి ఆగుట లేదు. యంత్రమునొద్దకు చేరు మార్గములను, పని లేకయే పట్టుకొని కూర్చున్న ప్రోగ్రాములు ఆక్రమించుటచేత, పనిగలవారు వెలుపల నిలిచిపోవుచున్నారు. ఈ దోషమునకు చికిత్స ధనవ్యయము కాదు, క్రమశిక్షణ. అది ప్రోగ్రామరు నేర్వవలసినది మాత్రమే కాదు; ప్రజాధనముతో సాఫ్ట్‌వేర్ కొనుచున్న ప్రతి కార్యాలయమును అడిగి తెలిసికొనవలసినది.

వెబ్‌సైటు వేరు, దాని సమాచారమును భద్రపరచు డేటాబేస్ వేరు. మనము ఒక బటన్ నొక్కినప్పుడు వెబ్‌సైటును నడుపు ప్రోగ్రాము డేటాబేసుతో ఒక కనెక్షన్ ఏర్పరచుకొని, దానిపై ఒక సెషన్ నడిపి, కావలసినది అడిగి తెచ్చి మనకు చూపును. మనము లాగిన్ అయి లాగౌట్ అగు వరకు సాగు కాలముతో ఈ సెషన్‌కు సంబంధము లేదు. ఇది యంత్రమునకును యంత్రమునకును మధ్య జరుగు వ్యవహారము. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమైన పరిశోధన నుండి పుట్టి, నేడు ప్రపంచమంతట ఉచితముగా వాడబడుచున్న పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసునందు ప్రతి కనెక్షనుకును ఒక ప్రత్యేక ప్రాసెస్ పుట్టును. దానికి మెమరీ కావలెను, ప్రాసెసర్ కాలములో వంతు కావలెను. అందుచేతనే ఎవరును మార్చనిచో అది ఏకకాలమున అంగీకరించు కనెక్షన్లు 100 మాత్రమే. మైఎస్‌క్యూఎల్ అను మరియొక డేటాబేసునందు ఆ సంఖ్య 151. ఈ అంకెలు చూచి ఆశ్చర్యపడు పాఠకులుందురు: లక్షలమంది వచ్చు స్థలమునకు నూరు ద్వారములేనా? నూరు చాలుననుటయే కాదు, సక్రమముగా వాడినచో పెక్కు సందర్భములలో ఇరువదియు చాలును. ఎట్లు చాలునో చూపుటకు లెక్క కావలెను.

ఆ లెక్క కంప్యూటర్లకంటె పాతది. కోపెన్‌హేగెన్ నగరపు టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, ఎన్ని తీగలున్నచో ఎందరి మాటలకు ఆటంకము కలుగకుండునని ప్రశ్నించుకొని, 1909లో తన తొలి వ్యాసమును, 1917లో తన ప్రసిద్ధ సూత్రములను ప్రకటించి, వరుసల గణితమునకు పునాది వేసెను. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రము మరింత సరళము: ఒక వ్యవస్థలో సగటున ఒకేసారి ఉండువారి సంఖ్య, క్షణమునకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు లోపల గడుపు కాలముచే గుణించినంత. ఒక రుసుము చెల్లింపు వెబ్‌సైటునకు సెకనుకు 500 అభ్యర్థనలు వచ్చుచున్నవనుకొందము. ఒక్కొక్కదానికి డేటాబేసుతో నిజమైన పని 10 మిల్లీసెకన్లు, అనగా సెకనులో నూరవ వంతు. గుణించి చూడుడు: సగటున ఏకకాలమున పనిలోనుండు సెషన్లు 5. ఒడుదుడుకుల కొరకు దానికి మూడు నాలుగింతలు ఉంచుకొన్నను 20 దాటదు. ఇప్పుడు అదే ప్రోగ్రాములో, సెషన్ తెరచి, విద్యార్థి వివరములు చదివి, ఆ సెషన్‌ను వదలకయే బ్యాంకువారి చెల్లింపు ద్వారమునకు వార్త పంపి, సమాధానము వచ్చు వరకు 2 సెకన్లు వేచియుండునట్లు వ్రాసినారనుకొందము. డేటాబేసు చేసిన పని మారలేదు. వచ్చినవారి సంఖ్య మారలేదు. కావలసిన సెషన్లు మాత్రము వేయి దాటినవి. నూరు ద్వారములు సెకనులో ఐదవ వంతు గడవక మునుపే నిండిపోవును. వేయి ద్వారములున్న యంత్రమును కొన్నను, బ్యాంకు ఆ రోజున 2 సెకన్లకు బదులు 4 సెకన్లు తీసికొన్నచో అదియు చాలదు. పెద్ద సర్వర్ కొనుట పరిష్కారము కాదని నేను పట్టుపట్టుటకు ఈ గుణకారమే ఆధారము.

సబ్‌రిజిస్ట్రారు ఎదుటి కుర్చీలో కూర్చున్న కక్షిదారు, సాక్షి ఇంకను బస్సులో వచ్చుచున్నాడని చెప్పి కుర్చీ విడువక కూర్చున్నచో, కాగితములన్నియు సిద్ధము చేసికొనివచ్చినవారు వరండాలో ఎంతసేపు నిలిచియుందురో ఆలోచింపుడు. సాక్షి వచ్చిన పిమ్మటనే కుర్చీలో కూర్చుండవలెనని గుమాస్తా చెప్పును గదా. ప్రోగ్రాములో ఆ మాట చెప్పువాడు లేడు; వ్రాసినవాడే ముందుగా ఆలోచింపవలెను. బ్యాంకు, ఓటీపీ, ఎస్ఎంఎస్, ఆధార్ ధ్రువీకరణ, ఇవన్నియు మన యధీనములో లేని దూరపు యంత్రముల సమాధానములు. వానికొరకు నిరీక్షించు కాలములో డేటాబేస్ సెషన్ చేతిలో ఉండరాదు.

అట్లయిన, చెల్లింపు పూర్తియగు లోపల అదే సీటును మరియొకరు తీసికొనకుండ కాపాడుట యెట్లని ప్రశ్న రాగలదు. న్యాయమైన ప్రశ్నయే. దానికి ట్రాన్సాక్షన్‌ను, అనగా అన్నియు కలిసి నెరవేరవలసిన మార్పుల కట్టను, తెరచియుంచి ఆ సీటు వరుసపై తాళము పట్టుకొనుట సరియైన ఉపాయము కాదు. ఆ సీటు ఫలానావారికి పది నిమిషముల వరకు నిలిపియుంచబడినదని, గడువు వేళతో సహా ఒక వరుసలో వ్రాసి, వెంటనే కమిట్ చేసి, అనగా ఆ మార్పును ఖాయపరచి, సెషన్‌ను తిరిగి ఇచ్చివేయవలెను. చెల్లింపు జరిగినచో మరియొక చిన్న ట్రాన్సాక్షన్‌తో ఖరారు చేయవలెను. గడువు మీరినచో ఆ సీటు తనంత తాను స్వేచ్ఛ పొందును. రెండు స్వల్పకార్యములు, నడుమ ఎంత దీర్ఘమైన నిరీక్షణమైనను డేటాబేసునకు భారము లేదు. ఆలోచన సరళముగనే కనబడును. కాని పని తొందరలో ఉన్నవారు మొదటి మార్గమునే వ్రాసిపోవుదురు, ఏలయనగా పదిమందితో పరీక్షించినప్పుడు రెండును ఒకే తీరున పనిచేయును.

తెరచి వదలిన ట్రాన్సాక్షన్ వలన మరియొక హాని కలదు, అది కంటికి కనబడదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌నందు ఒక వరుసను మార్చినప్పుడు పాత ప్రతి వెంటనే తొలగదు. దానిని చూడవలసిన అవసరము ఎవ్వరికిని లేదని తేలిన పిమ్మట వాక్యూమ్ అను శుభ్రకార్యము దానిని తొలగించును. ఏదో వ్రాసి, కమిట్ చేయక, గంటలకొలది తెరచియున్న ఒక్క ట్రాన్సాక్షన్ ఉన్నను, దాని తరువాత పుట్టిన మృతప్రతులు తొలగింపబడక పట్టికలు ఉబ్బిపోవును. అట్టి సెషన్లను నిర్ణీత కాలము పిమ్మట త్రెంచివేయు ఏర్పాటు 2016లో వచ్చిన 9.6వ వెర్షన్ నుండి ఉన్నది. కాని ఎవరైనను కోరి అమర్చిననే అది పనిచేయును. మైఎస్‌క్యూఎల్ పనిలేని కనెక్షన్‌ను సహించు కాలము, మార్చకున్నచో, 28,800 సెకన్లు, అనగా ఎనిమిది గంటలు. ఒక పనిదినమంతయు!

కనెక్షన్‌ను ప్రతిసారి కొత్తగా తెరచుటయు మంచిది కాదు. నెట్‌వర్క్ కరచాలనము, గూఢలిపి ఒప్పందము, పాస్‌వర్డ్ తనిఖీ, కొత్త ప్రాసెస్ జననము, ఇవన్నియు 10 మిల్లీసెకన్ల పనికి మించిన తతంగము కాగలవు. కనుకనే కొన్ని కనెక్షన్లను తెరచియుంచి, అడిగినవారికిచ్చి, పని తీరగానే తిరిగి తీసికొను పూల్ పద్ధతి ఏర్పడినది. పద్ధతి ఉత్తమము. దానిని వాడు తీరులోనే అజ్ఞానము దొరలుచున్నది. పైథాన్ భాషలో బహుళముగా వాడు ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ తన పూల్‌లో సాధారణముగా 5 కనెక్షన్లుంచి, అవసరమైనచో మరి 10 తెరచుటకు అనుమతించును. మొత్తము 15, చిన్న సంఖ్యయే. కాని ఆ పూల్ ఒక్కొక్క ప్రాసెసుకు వేరువేరు. ఒక వెబ్ సర్వరులో 4 ప్రాసెసులు, అట్టి సర్వర్లు 10 ఉన్నచో, 600 కనెక్షన్లు ఒక్క డేటాబేసుపై విరుచుకొనిపడగలవు. రద్దీ పెరిగినదని మరి పది సర్వర్లు జోడించినవారు ఆ సంఖ్యను 1,200 చేసిరి. సామర్థ్యమును పెంచితిమని ప్రకటించిన మరునాడే వెబ్‌సైటు మునుపటికంటె త్వరగా కూలుటకు ఇది ఒక కారణము. ఆ పని చేసినవారి శ్రమయందు నాకు సందేహము లేదు, లెక్క చూడకపోవుటయందే నా యభ్యంతరము.

పూల్ చిన్నదైనచో వేగము తగ్గునను భయము కూడ నిరాధారము. ప్రాసెసరులో ఎన్ని కోర్లున్నవో ఒక క్షణమున అన్ని పనులే నిజముగా సాగును. తక్కినవి వంతులు మార్చుకొనుచు ఒకదానినొకటి అడ్డగించుకొనును. కోర్ల సంఖ్యకు రెట్టింపు, దానికి డిస్కుల సంఖ్య కలిపినంత అని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనుభవజ్ఞులు చెప్పు మొదటి అంచనా. 8 కోర్లు, ఒక డిస్కు ఉన్న యంత్రమునకు 17. ఇది వేదవాక్యము కాదు, అచ్చట మొదలిడి కొలిచి సరిచేసికొనవలెను. ఓరకిల్ సంస్థ నిపుణులు చేసి చూపిన ప్రదర్శనలో, మరేమియు మార్చక, పూల్ పరిమాణమును మాత్రము తగ్గించుటచేత స్పందన కాలము సుమారు 100 మిల్లీసెకన్ల నుండి 2 మిల్లీసెకన్లకు దిగినది. సర్వర్ల సంఖ్య నిజముగా ఎక్కువైనచో వానికిని డేటాబేసునకును నడుమ పీజీబౌన్సర్ వంటి మధ్యవర్తిని నిలిపి, ట్రాన్సాక్షన్ ముగిసినంతనే కనెక్షన్‌ను మరియొకరికిచ్చునట్లు చేయవచ్చును. స్కైప్ సంస్థలో పుట్టిన ఆ సాధనము ఉచితమే.

ఇవన్నియు ఫ్రేమ్‌వర్కే చూచుకొనును గదా యను వాదము తరచు వినబడును. కొంత చూచుకొనును. జాంగో అను పైథాన్ ఫ్రేమ్‌వర్క్, ఎవరును మార్చనిచో, ప్రతి అభ్యర్థన ముగియగానే కనెక్షన్‌ను మూసివేయును. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సెషన్ మొదటి ప్రశ్నతో ట్రాన్సాక్షన్ ఆరంభించి కమిట్, రోల్‌బ్యాక్ లేక క్లోజ్ వరకు పట్టుకొనును. నడుమ నీవు బ్యాంకును పిలుచుచున్నావని దానికి తెలియదు. కమిట్ చేసిన పిమ్మట ఆ సెషన్ ద్వారా తెచ్చిన వస్తువులోని ఒక వివరమును పుటపై ముద్రించుటకు తాకినంతనే, అది తాజా విలువకొరకు మరల డేటాబేసునకు పోయి కొత్త ట్రాన్సాక్షన్ తెరచునని ఎందరు గమనించుచున్నారు? పొరపాటు సంభవించి ప్రోగ్రాము మధ్యదారిలో ఆగినప్పుడు సెషన్ తిరిగి చేరునట్లు పైథాన్‌లో ‘విత్’, జావాలో 2011 నుండి ‘ట్రై విత్ రిసోర్సెస్’ అను నిర్మాణములున్నవి. వానిని వాడని ప్రతిచోటను, ఒక్కొక్క పొరపాటుకు ఒక్కొక్క కనెక్షన్ కరిగిపోవుచుండును.

నిరీక్షణము విషయమున నా అభిప్రాయము కొందరికి కఠినముగా తోచవచ్చును. పూల్ నిండినప్పుడు వచ్చినవారిని 30 సెకన్లు నిలుపుట పెక్కు సాధనముల సహజ గుణము. 30 సెకన్లు ఎవరు వేచియుందురు? ఐదవ సెకనుననే రిఫ్రెష్ నొక్కుదురు. పాత అభ్యర్థన వరుసలో అట్లే నిలిచియుండగా కొత్తది చేరును. పోయినవారి కొరకు యంత్రము శ్రమించుచు ఉన్నవారిని నిర్లక్ష్యము చేయును. రెండు మూడు సెకన్లలో సెషన్ దొరకనిచో, ‘రద్దీ అధికముగా ఉన్నది, మీ వివరములు భద్రముగా నున్నవి, రెండు నిమిషముల తరువాత ప్రయత్నింపుడు’ అని తెలుగులో స్పష్టముగా చెప్పి పంపుటయే మర్యాద. పరీక్షా ఫలితముల వంటివానికి అసలు డేటాబేసును అడుగవలసిన పనియే లేదు. ఒకసారి వెలువడిన పిమ్మట మారని సమాచారమును ముందుగనే పుటలుగా సిద్ధపరచి ఉంచవచ్చును.

కనుక ప్రభుత్వ శాఖలలోను, విశ్వవిద్యాలయములలోను టెండర్ పత్రములు వ్రాయు అధికారులకు నా విన్నపము. యంత్రములో ఎన్ని కోర్లు, ఎంత మెమరీ యని మాత్రమే అడుగక, అత్యధిక రద్దీలో డేటాబేస్ సెషన్లు ఎన్ని తెరచియుండును, ఒక్కొక్కటి ఎంతకాలము పట్టుబడియుండును, బ్యాంకు సమాధానము ఐదు సెకన్లు ఆలస్యమైనచో ఏమి జరుగునని లిఖితపూర్వకముగా అడుగుడు. ఆ ఆలస్యమును కృత్రిమముగా కల్పించి రద్దీ పరీక్ష మీ ఎదుట జరిపింపుడు. ఆ పరీక్షలో పని లేక ట్రాన్సాక్షన్ తెరచియుంచిన సెషన్లెన్ని యని ఒక్క ప్రశ్నతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చూపగలదు. ఆ సంఖ్యను చూడక అంగీకార పత్రముపై సంతకము చేయకుడు. తదుపరి ప్రవేశముల ప్రకటనకు ముందే ఈ పని జరుగవలెను.