క్లాసు ఆపలేదు, తగ్గించాం



జూన్ నోటీసు గురించి నాలుగు మాటలు రాయాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కమిటీ తీర్మానించింది ఇంతే: శని, ఆదివారాలు జరిగే పిల్లల తెలుగు క్లాసును ఒక్క ఆదివారానికి తగ్గించాలని. టీచరుగారికి శనివారం కుదరడం లేదు. ఇంగ్లీషులో వెళ్ళిన నోటీసులో మాత్రం క్లాసులు 'కట్ ఆఫ్' చేస్తున్నాం అని పడింది. ఉండాల్సింది 'కట్ డౌన్'. చదివినవాళ్ళు క్లాసు ఎత్తేశారనుకున్నారు. ఆ ఆదివారం ఇరవై రెండు మంది రావాల్సిన చోట ఏడుగురు వచ్చారు. ఇద్దరు పిల్లల్ని అదే టైముకు అబాకస్‌లో చేర్చి ఫీజు కూడా కట్టేశారు. వాళ్ళిక రారు.

రాసినవారిని తప్పుపట్టడం లేదు. అది పంపేముందు చూసి సరే అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇంగ్లీషులో కట్ అనే క్రియ ఒక్కటే. దాని వెనక తగిలించే చిన్న ముక్కే అర్థాన్ని మోస్తుంది. మనలో షుగరు ఉన్నవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. డాక్టరు అన్నం 'కట్ డౌన్' చెయ్యమంటే తగ్గించమని. స్వీట్లు 'కట్ ఔట్' చెయ్యమంటే పూర్తిగా మానెయ్యమని. రెండూ ఒకటే అనుకుంటే ఒంటికే చేటు. చెట్టు విషయంలో డౌన్ అంటే నరికి పడగొట్టడం, ఖర్చు విషయంలో తగ్గించడం. రెండింట్లోనూ కిందికి దిగడమే ఉంది. ఆఫ్ అంటే అసలు నుంచి విడిపోవడం. 2015 డిసెంబరు వరదల్లో ముడిచ్చూరు వైపు మనవాళ్ళ ఇళ్ళు అలా విడిపోయినవే, చుట్టూ నీళ్ళు, పాలప్యాకెట్టు కూడా రాలేదు. బంధువులతో తెగతెంపులు చేసుకున్నా ఆఫే. ఎదుటివాడి మాట మధ్యలో దూరితే 'కట్ ఇన్', మన జనరల్ బాడీ మీటింగులో వేరే ఉదాహరణ అక్కర్లేదు. ఔట్ అంటే లోపలినుంచి కోసి బయటికి తియ్యడం. మౌంట్ రోడ్డులో ఒకప్పుడు నిలబెట్టిన సినిమా కటౌట్లు అట్టనుంచో చెక్కనుంచో అలా కోసి తీసినవే కదా. ఇంకో చిన్న సంగతి: 'ఇట్' లాంటి మాట వస్తే నడుమనే రావాలి. 'కట్ ఇట్ ఆఫ్' అనాలి, 'కట్ ఆఫ్ ఇట్' అనకూడదు.

ఇవి బడిలో నేర్పుతారు కదా, తెలుగు క్లాసుకెందుకు అని కొందరు అడిగారు. బడిలో బట్టీ పట్టిస్తారు. పట్టు దొరకాలంటే ఇంటి భాష కావాలి. అక్కడే మనం దెబ్బతిన్నాం.

మన ఇళ్ళలో ఇప్పుడు అంతా 'కట్ చెయ్'. కూర కట్ చెయ్, గోళ్ళు కట్ చెయ్, చెట్టు కట్ చేశారు, ఫోన్ కట్ చేశాడు. మా అమ్మ కాలంలో కూరగాయలు తరిగేవాళ్ళు, వరి కోసేవాళ్ళు, ఆవకాయకు ముక్కలు కొట్టేవాళ్ళు, బట్ట కత్తిరించేవాళ్ళు, పెన్సిలు చెక్కేవాళ్ళు, తాడు తెంపేవాళ్ళు. పనిని బట్టి, పనిముట్టును బట్టి మాట మారేది. మొన్న మా మనవరాలు వంటింట్లోకి వచ్చి 'అవ్వా, బెండకాయలు నరకనా?' అంది. తమిళంలో నరుక్కు అంటే సన్నగా తరగడమే, తన తప్పేం లేదు. మా ఆవిడ మాత్రం కత్తిపీట పక్కన పెట్టి నవ్వు ఆపుకోలేకపోయింది. తెలుగులో చెట్టును నరుకుతారు, పగవాణ్ణి నరుకుతారు, బెండకాయను కాదు.

ఇంకోటి. ఇంగ్లీషు ముక్కను విడిగా పెడితే, మనం క్రియకే అతికిస్తాం. కోసెయ్ అంటే పని పూర్తి చెయ్యమని, కోసిపెట్టు అంటే ఇంకొకరి కోసం, వేలు కోసుకున్నాడు అంటే తనకే తగిలిందని. ఈ మూడింటికీ తేడా తెలిసిన పిల్లకు ఆఫ్, ఔట్, డౌన్ల తేడా చెప్పడానికి పది నిమిషాలు చాలు. నేను ఇద్దరితో చేసి చూశాను. తెలుగులో తేడా పట్టనివాడికి ఇంగ్లీషులోనూ పట్టలేదు. ఇద్దరితోనే రుజువైపోయిందా అంటారేమో, కాలేదు, క్లాసులో అందరితో చేసి చూద్దామనే అంటున్నాను.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. అందులోనూ ఒక వారం మన నోటీసే పోగొట్టింది. తెలుగు సంఘం తన తెలుగు క్లాసు గురించి తెలుగులో చెప్పి ఉంటే, 'తగ్గించాం' అన్న మాటను 'ఆపేశాం' అని ఎవరూ చదివేవారు కాదు. మనలో లిపి రానివాళ్ళు చాలామంది ఉన్నారు, తెలుసు. వాళ్ళకు అదే మాట వాయిస్ మెసేజ్‌గా పెడదాం. మాట్లాడితే అందరికీ అర్థమవుతుంది కదా. ఇంగ్లీషు నోటీసు ఆ తర్వాత వెళ్ళొచ్చు. వచ్చే కమిటీ మీటింగులో ఇది తీర్మానంగా పెడతాను, కాదనేవాళ్ళు ఆ రోజు వచ్చి చెప్పండి.

అబాకస్‌లో చేర్చిన ఆ ఇద్దరి ఇళ్ళకు ఈ వారం నేనే వెళ్తున్నాను. మిగతావారికి: క్లాసు ఉంది. ఆదివారం ఉదయం పది గంటలకు, సంఘం మేడమీద. శనివారం మాత్రమే లేదు. పిల్లల్ని పంపండి.